ఉపమానము ప్రమాణ మగునా? — చీనానాడులు, మన నాడులు

మొన్నటి వర్షకాలమున మా పాఠశాలలోని తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఒక అచ్చుకాగితమును తెచ్చి నా బల్లపై నుంచెను. అందొక మానవాకృతి. ఆ యాకృతిపై తల మొదలు కాలివ్రేళ్ల వఱకు ఎఱ్ఱని గీతలు, నీలపు గీతలు. గీతల వెంబడి చుక్కలు. చీనాదేశపు ప్రాచీనవైద్యమున 'జీవశక్తి' ప్రవహించు నాడు లివియే యనియు, మన ఋషులు చెప్పిన ఇడాపింగళాసుషుమ్నలును ఇవియే యనియు, ఈ నాడులలో నడ్డంకి యేర్పడుటయే సకలరోగములకు కారణ మనియు, సూదిచేతను నొక్కుడుచేతను ఆ యడ్డంకి తొలగింపబడు ననియు క్రింద వ్రాయబడి యుండెను. బాలుడు తన జీవశాస్త్రపుస్తకమును తెఱచి పట్టుకొని, "సార్, ఈ నాడి మన పుస్తకంల ఏ పేజీల ఉన్నది?" అని యడిగెను.

నేను తెలుగును సంస్కృతమును చెప్పువాడనే కాని జీవశాస్త్రము చెప్పువాడను కాను. అయినను ప్రశ్న మాటను గుఱించినది గావున నాయొద్దకు వచ్చెను. ఆ పుస్తకమున 'నాడీవ్యవస్థ' యను పాఠము కలదు. అందు మెదడు, వెన్నుపాము, వానినుండి బయలువెడలు సన్నని తంతువులు చిత్రింపబడినవి. కాగితమందలి గీత లవి కావు. ధమనులు, సిరలు అను పేళ్లతో నెత్తురు పాఱు గొట్టములును అదే పుస్తకమున కలవు. కాగితమందలి గీత లవియును కావు. మాట పుస్తకమున దొరకినది. వస్తువు మాత్రము దొరకలేదు. ఆ బాలునికి వెంటనే సమాధానము చెప్పజాలక, "రేపు రమ్ము" అంటిని. ఈ విషయమును నేను తీఱికగా నాలోచించుటకు మా కుటుంబమున జరిగిన యొక కష్టమును కారణమే. దానిని తుదకు విన్నవించెదను. ముందుగా మాటలను పరీక్షింతము.

తెలుగున 'నాడి చూచుట' యన్న మణికట్టు పట్టి కొట్టుకొనుటను చూచుట. యోగగ్రంథములు చదువు పెద్దలకు నాడి యనగా సుషుమ్న. బడిపిల్లవానికి నాడి యనగా మెదడునుండి వచ్చు తంతువు. 'నర' మను వాడుకమాటయు ఒక్క యర్థమున నిలువదు: చేతిపై నుబ్బిన నీలపుగొట్టమును నరమే, మడమవెనుక బిగిసిన స్నాయువును నరమే, తంతువును నరమే. ధమని, సిర యనునవి సుశ్రుతుని మాటలే యైనను, ఆయన వానిని నేటి పాఠ్యపుస్తకముల యర్థమున వాడలేదు. యూరపు శరీరశాస్త్రమును దేశభాషలలోనికి తెచ్చిన పండితులు క్రొత్త యర్థములను ఈ పాతమాటలకు తొడిగిరి. అది తప్పని నే ననను; వారికి వేఱుదారి లేదు. కాని ఫలిత మేమనగా, 'నాడి' యని యొకడు పలుకగనే అవ్వ యొకటి, కొడుకు వేఱొకటి, మనుమడు మఱియొకటి తలచుకొని, ముగ్గురును ఒక్కదానినే గుఱించి మాటాడుచున్నట్లు తృప్తి పడుదురు.

చీనాభాషలోను ఈ చిక్కు కలదు. అచట 'మాయ్' అను మాటకు దేహమున పాఱు గొట్ట మనియు, చేతికి తగులు నాడి యనియు రెండర్థములు కలవు. దాని లిపిరూపమున ఒక వైపున మాంసమును సూచించు గుఱుతును, రెండవ వైపున పాయలుగా చీలిన యేటిని సూచించు గుఱుతును ఉన్నవి. మాటయందే ఏఱు పాఱుచున్నది. ఈ సిద్ధాంతపు పుట్టుకను తెలిసికొనగోరువారు ఆ యేటిగట్టుననే నిలిచి చూడవలెను.

కొడిమ్యాల చుట్టుపట్ల గుట్టలు, గుట్టల నడుమ చెఱువులు. నీరటికాడు తూము తెఱచిన, నీరు పెద్దకాలువనుండి పిల్లకాలువలకును, వానినుండి మళ్లకును పోవును. కాలువలో తుంగ పెరిగిన తుదమడి యెండును. గట్టు తెగిన మొదటిమడి మునుగును. ఈ వ్యవహారమును చిన్ననాటినుండి చూచినవానిని శరీరమును వర్ణింపు మన్నచో మొదట నోటికి వచ్చు పోలిక యిదియే. సుశ్రుతసంహిత శారీరస్థానము ఏడవ యధ్యాయమున ఇట్టి పోలికయే కలదు: తోటను నీటికాలువలును, పొలమును బోదెలును తడుపునట్లు సిరలు దేహమును తడిపి పోషించు నని. చీనావారి మూలగ్రంథమైన 'హువాంగ్‌డి నేయ్‌జింగ్' క్రీస్తునకు ముందువెనుకల శతాబ్దులలో కూర్పబడిన దని పండితులు తలచుచున్నారు. అందలి 'లింగ్‌షు' భాగము పండ్రెండవ యధ్యాయమున దేహమందలి పండ్రెండు నాడులును ఆ దేశపు పండ్రెండు నదులతో పోల్చబడినవి. ఊపిరితిత్తుల నాడికి పసుపునది జోడు. పెద్దప్రేగు నాడికి యాంగ్‌చీ జోడు. వరద, కఱవు, గట్టు, పూడిక, త్రవ్వుట: ఆ వైద్యమున రోగమును చికిత్సను చెప్పు మాటలలో సగము నీటిపాఱుదల మాటలే.

రెండవ పోలిక మగ్గమునుండి వచ్చినది. చీనానాడికి 'జింగ్' అని పేరు. దాని మొదటి యర్థము పడుగు, అనగా మగ్గముపై నిలువుగా సాగదీసిన నూలు. వానినడుమ అల్లుకొను చిన్ననాడులకు 'లువొ' అని పేరు; దానికి వల, అల్లిక యను నర్థములు కలవు. మాది నేతవారి కుటుంబము. సిరిసిల్లలో మా వారి మగ్గపు చప్పుళ్ల మధ్య పెరిగినవాడను. పడుగు, పేక, నాడె, కండె యను మాటలు అక్షరములకంటె ముందే నాకు వచ్చినవి. కావున ఈ పోలిక నాకు మిక్కిలి ప్రియమైనది. మన సంస్కృతమునను తంత్రమనగా పడుగే. శాస్త్రమునకును తంత్ర మనియే పేరు. ప్రాచీనులు బుద్ధిహీనులు కారు. తమ చేతులు దినదినము చేయు పనులలో మిక్కిలి క్రమము గల రెండింటిని, నీటిపాఱుదలను నేతను, తీసికొని కంటికి కనబడని దేహాంతర్భాగమును ఊహించిరి. ఈ యూహను పరిహసించువాడు తాను ఊహింప నేర్వనివాడు.

అయితే ఊహ యెక్కడ ముగిసి చూపు ఎక్కడ మొదలయ్యెనో విమర్శకుడు అడుగవలెను. అందుకు లెక్కలు చక్కని సాక్షులు. చీనాదేశమున చాంగ్‌షా నగరముకడ మావాంగ్‌దుయ్ అనుచోట క్రీస్తుపూర్వము 168లో మూయబడిన సమాధి యొకటి 1973లో త్రవ్వబడెను. అందు దొరకిన పట్టువస్త్రపు వ్రాతలలో నాడులు పదునొకండే. అవి యొకదానితో నొకటి కలిసి చక్రముగా తిరుగుట లేదు. సూది గ్రుచ్చు చుక్కలు లేవు. చికిత్స మాచిపత్రిజాతి ఆకును కాల్చి వాత పెట్టుట. మా పల్లెలలో పసిబిడ్డల పొట్టపై వాతలు పెట్టు దురాచారమును ఎఱిగినవారికి ఇది క్రొత్తగా తోపదు. తరువాతి గ్రంథమున పదునొకండు పండ్రెండైనవి, చక్రముగా కూడినవి. దేహమున క్రొత్తనాడి యేదియు మొలవలేదు. నదులు, మాసములు పండ్రెండు గావున, దేశమునకును కాలమునకును దేహము సరిపోవలెనను కోరిక లెక్కను పూరించినదని తలచుట న్యాయము.

మన లెక్కలను చూతము. హృదయమునుండి వెడలు నాడులు నూటయొకటి యని ఛాందోగ్యమును కఠోపనిషత్తును చెప్పుచున్నవి. బృహదారణ్యకమున డెబ్బదిరెండువేలు. ప్రశ్నోపనిషత్తు నూటయొకటికి నూఱేసి శాఖలును, ఒక్కొక్క శాఖకు డెబ్బదిరెండువేల ఉపశాఖలును చెప్పినది. అన్నింటిని కూడినచో 72,72,10,201 అగును. శివసంహితలో మూడున్నర లక్షలు. ఈ ఋషులలో ఎవ్వరు తప్పు లెక్కించి రని యడుగుట వ్యర్థము. వీరు దేహమును విప్పి లెక్కపెట్టుచున్నవారు కారు. ధ్యానమున కూర్చున్నవాని యనుభవమునకు రూపకల్పన చేయుచున్నారు. ఉపనిషత్తును శరీరశాస్త్రముగా చదువువాడు శరీరశాస్త్రమును పొందడు, ఉపనిషత్తును పోగొట్టుకొనును.

ఇక ఈ కాలువలలో పాఱునది యేమి? మనవారు ప్రాణ మనిరి, వాయు వనిరి. చీనావారు 'ఛి' యనిరి. ఆ మాటకు ఆవిరి, ఊపిరి, గాలి యని యర్థములు. పాతలిపిలో దాని రూపమున ఆవిరిగుఱుతు క్రింద బియ్యపుగుఱుతు కలదు. వండిన యన్నముపై లేచు ఆవిరిని చూచిన గృహిణులకు వ్యాఖ్యానము అవసరము లేదు. బ్రదికినవాడు ఊపిరి తీయును, చచ్చినవాడు తీయడు. కావున ఊపిరియే జీవమని అన్ని దేశములవారును తలచిరి. మా పొరుగున కొండగట్టున వెలసినవాడు వాయుపుత్రుడే. మతి చలించినవారిని ఆ కొండపై మండలకాల ముంచిన నయ మగు నని చుట్టుపట్ల ప్రజల నమ్మకము. పక్షవాతము వచ్చినను, మాట పడిపోయినను మా ఊళ్లలో 'గాలి సోకింద'నియే యందురు. ఇంత పాతది, ఇంత లోతైనది ఈ గాలిమాట.

ఈ మాటకు ఇటీవల జరిగిన మార్పును చదువరులు గమనింపవలెను. చీనాలో రాయబారవ్యవహారములు నడపిన జార్జి సూలియే ద మొరాన్ అను ఫ్రెంచి పండితుడు సూదివైద్యమును గుఱించి పెద్దగ్రంథము రచించెను. దాని మొదటి సంపుటము 1939లో వెలువడెను. ఆయన 'ఛి'ని 'ఎనర్జీ' యనియు, 'జింగ్'ను 'మెరిడియన్' అనియు పలికించెను. ఆ మాటలే ఇంగ్లీషున పాతుకొని, అచటినుండి 'శక్తి'యై మన కాగితములకు దిగినవి. ఆవిరి శక్తి యైనది. పడుగు రేఖాంశ మైనది. ఈ యనువాదము అందమైనదే కాని నిర్దోషమైనది కాదు. మా బాలుడు భౌతికశాస్త్రమున శక్తి యనగా పనిచేయు సామర్థ్య మనియు, దానిని జౌళ్లలో కొలుతు రనియు నేర్చినాడు. కాగితమున 'జీవశక్తి' యని చూడగనే ఆ కొలతకు గల గౌరవము ఈ కొలతలేనిదానికి సంక్రమించును. ఇక రేఖాంశమా, పటముపై మన సౌకర్యముకొఱకు గీచుకొన్న గీత. దానికొఱకు ఎవ్వడును నేలను త్రవ్వి చూడడు. గీతకు ఆ పేరు పెట్టినవాడు తెలియకయే సత్యమును పలికినా డేమో!

ఇచట మన న్యాయశాస్త్రము తోడ్పడగలదు. నైయాయికులు ఉపమానమును ప్రమాణముగా నంగీకరించిరి గదా, ఆవువంటిది గవయ మను మాటచేత జ్ఞానము కలుగుచున్నది గదా యని కొందఱు వాదింతురు. నిజమే. కాని ఆ శాస్త్రమున కథ యెట్లు నడచుచున్నది? అడవిమనుష్యుని నోట ఆ మాట విన్న పల్లెవాడు ఇంటికి పోయి నిదురింపడు, అడవికి పోవును, ఒక మృగమును కన్నులార చూచును, అప్పుడు విన్నమాట తలపునకు వచ్చి, 'ఇదియే గవయము' అని నిశ్చయించును. అడవికి పోనివానికి ఆ మాట వట్టి పోలిక, అలంకారశాస్త్రమున ఉపమ. కవికి ఉపమ చాలును. రోగికి చాలదు.

అడవికి పోయి వచ్చిన ఉపమానములును వైద్యమున కలవు. చరకసుశ్రుతులలో లేని నాడీపరీక్ష శార్ఙ్గధరసంహితలో కనబడుచున్నది. వాతమున నాడి జలగవలె, పామువలె ప్రాకు ననియు, పిత్తమున కాకివలె, కప్పవలె దుముకు ననియు, కఫమున హంసవలె, పావురమువలె నడచు ననియు అందు చెప్పబడినది. తెలుగునాట వైద్యులు తరతరములుగా పాటించిన బసవరాజీయము మొదటి ప్రకరణముననే నాడీపరీక్ష కలదు. నైజాముకాలమున మా ప్రాంతపు హకీములును 'నబ్జు' చూచుచుండిరి. ఈ విద్య దేశములు దాటి తిరిగినది. చీనావారి నాడీగ్రంథ మొకటి 1313 నాటికే పారశీకభాషలోనికి వచ్చియుండెను. నాడి దుముకుచున్నదో ప్రాకుచున్నదో వ్రేలు పెట్టినవా డెవడైనను తెలిసికొనగలడు. ఈ పోలికలు వ్రేలికి తగిలిన వస్తువును చెప్పినవి. కాని ఆ దుముకును బట్టి నిన్నటి భోజనమును, రేపటి మరణమును చెప్పెద ననువాడు మరల అడవిని విడిచి పోలికలోనికి జాఱినవాడు.

మన పూర్వులు అడవికి పొమ్మని చెప్పలేదా? చెప్పిరి. ఇదియే నేను ముఖ్యముగా మనవి చేయదలచిన విషయము. సిరలను కాలువలతో పోల్చిన సుశ్రుతుడే, అంతకు రెండధ్యాయముల ముందు, శవమును గడ్డితో చుట్టి పంజరమున నుంచి పాఱునీట నానబెట్టి, ఏడురాత్రుల పిమ్మట కూచికతో మెల్లగా రుద్దుచు, చర్మము మొదలు లోపలి యంగములవఱకు ఒక్కొక్కటిగా కంట చూడవలె ననెను. చూచినదియు శాస్త్రమున చదివినదియు కలిసిననే జ్ఞానము వృద్ధియగు నని ఆయన మతము. నాడులను నదులతో పోల్చిన లింగ్‌షు పండ్రెండవ యధ్యాయముననే, మనుష్యుని దేహము ఆకాశమువలె అందరానిది కాదు, బ్రదికియుండగా కొలువవచ్చును, చచ్చిన పిమ్మట కోసి చూడవచ్చును అను నర్థముగల వాక్యము కలదు. క్రీస్తుశకము 16లో వాంగ్‌మాంగ్ అను చక్రవర్తి శిక్షింపబడిన విరోధి యొకని దేహమును కోయించి, సన్నని వెదురుపుల్లలతో నాళముల త్రోవలు వెదకించె నని వారి చరిత్ర చెప్పుచున్నది. పోలికయు, చూడు మను ఆజ్ఞయు రెండు దేశములలోను కవలలుగా పుట్టినవి. తరువాతివారము మనము పోలికను పెంచి, ఆజ్ఞను చంపుకొంటిమి. శవమును తాకిన మైల యను భయము ఇచట. తల్లిదండ్రు లిచ్చిన దేహమునకు హాని చేయరా దను ధర్మము అచట.

అయినను రెండు దేశములలోను ఆజ్ఞను మరల తలచుకొన్నవారు కలిగిరి. 1797లో చీనాలో పిల్లలకు మహామారి వచ్చి, లోతుగా పాతని పసిశవములను కుక్కలు చీల్చుచుండగా, వాంగ్ ఛింగ్‌రెన్ అను వైద్యుడు దినదినము పోయి, గ్రంథములందలి పటములకు చూచినదానికి గల భేదములను వ్రాసికొనెను. 1830లో 'వైద్యారణ్యమందలి పొరపాటుల దిద్దుబాటు' అను నర్థముగల పేరుతో దానిని ప్రకటించెను. ఆయన చూపునను పొరపాటులు కలవు, కాని చూచెను. మన దేశమున దయానందసరస్వతి స్వామి తన స్వీయచరిత్రలో నొక సంగతి చెప్పికొనెను. గంగానదిలో కొట్టుకొనివచ్చిన శవమును ఒడ్డునకు లాగి, కత్తితో కోసి, తాను మోసికొని తిరుగుచున్న హఠయోగగ్రంథములందలి చక్రనాడీవర్ణనలను దానితో సరిచూచి, సరిపడకపోగా, ఆ గ్రంథములను చించి శవముతోకూడ నదిలో పాఱవైచెను. వేదములందు ఆయనకు గల నమ్మకము అందుచే సడలలేదు. ఒక పుస్తకమును పరీక్షించినంతమాత్రమున ధర్మము చెడు నని భయపడువారు ఈ సన్న్యాసిని తలచుకొనవలెను.

ఇంగ్లండున హార్వీ 1628లో రక్తప్రసరణమును స్థాపించెను. ఆయనకును నీటిపోలికలు తెలియును. కాని ఆయన ప్రశ్న వేఱు: గుండె యొక్క కొట్టుకు ఎంత నెత్తురు వెడలును? అరగంటకు ఎంత యగును? తిన్న యన్నమునుండి అంత నెత్తురు పుట్టగలదా? కాలువలో నీరు పాఱునని చెప్పి ఊరకుండక, తూముకడ నిలిచి నీటిని కొలిచినవాడు హార్వీ. ఆయన తన వాదమును నిరూపించుటకు వాడిన పరికరము, చేతికి కట్టు కట్టుటకు ఒక గుడ్డ. ఆ పరీక్షను ఏ యింటనైనను ఎవ్వరైనను చేయవచ్చును. మన కాగితమందలి గీతకు అట్టి పరీక్ష యేది?

ఇంత చెప్పిన పిమ్మట సూదివైద్యపక్షమున చెప్పవలసినది చెప్పకుండుట అన్యాయము. 2007లో జర్మనీదేశమున బహుకాలముగా నడుమునొప్పితో బాధపడు 1162 మందిని మూడు భాగములుగా చేసి పరీక్షించిరి. కొందఱికి శాస్త్రప్రకారము నాడులమీది చుక్కలందు సూదులు గ్రుచ్చిరి. కొందఱికి చుక్కలు కానిచోట పైపైన గ్రుచ్చిరి. కొందఱికి మందులు, వ్యాయామము మున్నగు వాడుకచికిత్స చేసిరి. ఆఱునెలల పిమ్మట గుణము కనబడినవారు మొదటి భాగమున నూటికి 47.6, రెండవ భాగమున 44.2, మూడవ భాగమున 27.4. దీనిని రెండు వైపులనుండియు చదువవలెను. సూది గ్రుచ్చించుకొన్నవారికి ఊఱట కలిగినది. అది కల్ల కాదు. కాని చుక్కలోనైన నేమి, చుక్క వెలుపలనైన నేమి, ఊఱట యించుమించు సమానమే. సూదికి ఫలము కలదు; గీతకు నిరూపణ లేదు. నొప్పిని సహించుటలో వైద్యుని హస్తము, శ్రద్ధ, ఆశ యెంత పనిచేయునో ఈ లెక్క మనకు నేర్పుచున్నది. నొప్పికి సూదివైద్యుని యొద్దకు పోవువానిని నేను వారింపను.

ఆ కాగితపు టడుగున కోట్నీసు వైద్యుని పేరును కలదు. ఆయన ఊరు సోలాపురము. మా ప్రాంతపు పద్మశాలీలు ఎందఱో వలసపోయి మగ్గములు వేసికొన్న ఊరు గావున ఆ పేరు మా యిండ్లలో ఆత్మీయముగా వినబడును. 1938లో భారతీయ వైద్యబృందముతో చీనాకు పోయి, అచటి యుద్ధమున గాయపడినవారిని కాపాడుచు 1942లో అచటనే మరణించెను. ఆయన శస్త్రవైద్యుడు. దేహమును తెఱచి చూచి బాగుచేసినవాడు. సూదివైద్యమును మన దేశమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు ఆయన సహచరుడైన బిజయ్ కుమార్ బసు. త్యాగియొక్క పేరు గౌరవింపదగినదే. కాని త్యాగము సిద్ధాంతమునకు రుజువు కాజాలదు. ఋషి, త్యాగి, భౌతికశాస్త్రము, ఈ మూడు పేళ్లనుండి నమ్మకమును అప్పుతెచ్చి ఆ కాగితము నిలిచియున్నది.

ఇప్పుడు మా యింటికథ. సిరిసిల్లలో మా పెద్దనాయన మొదట చేతిమగ్గముపైనను, పిమ్మట మరమగ్గముపైనను నేసినవాడు. ఒకనాటి ఉదయమున పండ్లు తోముకొనుచుండగా నోరు ఒక ప్రక్కకు వంకర పోయినది, కుడిచేయి జాఱిపోయినది, మాట ముద్దయైనది. వాడకట్టువారు గాలి సోకిం దనిరి. ఎవరో నాడులు తెలిసిన వైద్యు డొకడు పొరుగూరున నున్నా డనిరి. అన్న నాకు ఫోను చేసి, "తీసుకపోదుమా తమ్మీ?" అని యడిగెను. రెండు భాషల శాస్త్రములు చదివిన నేను, తరగతికి పోవు తొందరలో, "మంచిది, చూపెట్టుండ్రి" అంటిని. ఆ నేరమున నాకు గల పాలు అది.

ఆ వైద్యుడు మోసగాడు కాడు. మణికట్టు పట్టి చూచి, నాడిలో నడ్డంకి కల దని, కాలిమీదను చేతిమీదను సూదులు గ్రుచ్చి, మఱునాడు మరల రమ్మనెను. సాయంకాలమునకు నడకయు పోయినది. అప్పుడు పెద్దాసుపత్రికి కొనిపోగా, అచటి వైద్యురాలు మెదడు స్కానింగు పటమును మాకు చూపి, ఒక రక్తనాళమున గడ్డ కట్టి అడ్డుపడిన దనియు, దానిని కరగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇచ్చిననే పనిచేయు ననియు చెప్పెను. మేము పోవునప్పటికి పదిగంటలు దాటినవి.

చదువరులారా, ఆనాటి వింతను చూడుడు. అడ్డంకి యన్నమాట నిజమే! మా పెద్దనాయన దేహమున ఒక కాలువ పూడినమాట నిజమే. కాని ఆ వైద్యుడు పటమున గీచిన కాలువలో పూడికకొఱకు వెదకుచుండగా, కంట చూడదగిన కాలువలో నిజమైన పూడిక తన పని తాను ముగించినది. పోలిక సరియైనందువలననే మేము మోసపోతిమి. పూర్తిగా అబద్ధమైన మాటను మా పెద్దమ్మయు నమ్మియుండదు.

పెద్దనాయన మఱి నాలుగేండ్లు బ్రదికెను. మాట కొంత తిరిగివచ్చినది, చేయి రాలేదు. పడుగున పోగు తెగినప్పుడు రెండువ్రేళ్ల నడుమ మెలిపెట్టి ముడివేయుట నేతగానికి ఊపిరి తీయునంత సులభము. ఆ నాలుగేండ్లును మంచముపై కూర్చుండి, ఎడమచేతితో దుప్పటియంచునుండి నూలుపోగు లాగి ముడి వేయ ప్రయత్నించుచుండుట నేను పలుమాఱులు చూచితిని.

కావున గృహస్థులకు నా విన్నపము చిన్నది. మూతి వంకరపోయినను, చేయి జాఱినను, మాట తడబడినను, అది యే గాలి, ఏ నాడి యని చర్చింపక గడియారము చూచి, వెంటనే తలకు స్కానింగు చేయగల ఆసుపత్రికి పోవుడు. సుషుమ్నను గుఱించి పిమ్మట తీఱికగా మాటాడుకొనవచ్చును.

మఱునాడు బాలుడు వచ్చెను. నా తువ్వాలును వాని చేతికి మోచేతిపైన బిగించి కట్టి, పిడికిలి మూయించితిని. సిరలు ఉబ్బినవి, వానిపై నచ్చటచ్చట చిన్నముడులు కనబడినవి. ఒక సిరను వ్రేలితో నొక్కి పట్టి, రెండవ వ్రేలితో నెత్తురును పైముడి దాటునట్లు త్రోసితిని. వ్రేళ్లనడుమ సిర యడగిపోయి అట్లే యుండెను. క్రింది వ్రేలు తీయగనే నిండెను. "నెత్తురు ఎటు పోవుచున్నదో చూచితివా?" అంటిని. చూచితి ననెను. "ఇట్లే ఈ కాగితమందలి గీతను నాకు చూపగలవా?" అంటిని.

వాడు తన చేతినే చాలసేపు చూచుకొని, మెల్లగా, "సార్, మా బాపు ఈ కాగితం మా నాయనమ్మ కోసం తెచ్చిండు. పొద్దుగాల్నుంచి ఆమె చెయ్యి మొద్దుబారింది, మాట గూడ తడబడ్తున్నది" అనెను.

పుస్తకము మూసి, వానితోకూడ వారి యింటికి బయలుదేరితిని. ఆ మధ్యాహ్నమే ఆమెను ఆసుపత్రికి కొనిపోయితిమి.